ల్యాబ్‌లో పరుగులు.. పోటీలో మొరాయింపు! రోబోకు ఏ వైర్‌లెస్ కొనాలి? డబ్బులు పెట్టే ముందు ఇవి తెలుసుకోండి

కరీంనగర్, ఆదిలాబాద్: టెక్ ఫెస్ట్ రోజు చాలా రోబో టీమ్‌లకు ఎదురయ్యే కష్టం ఒక్కటే. ల్యాబ్‌లో నెల రోజులు బాగానే తిరిగిన రోబో, మ్యాచ్ మొదలవగానే కదలదు. లేదంటే ఆపినా ఆగకుండా పోయి గోడకు గుద్దుకుంటుంది. "అన్నా, సిగ్నల్ పోయింది" అనడం తప్ప టీమ్ దగ్గర వేరే జవాబు ఉండదు. మ్యాచ్ రెండు మూడు నిమిషాలే. ఏం జరిగిందో అర్థమయ్యేలోపు విజిల్ పడిపోతుంది. తలా ఇంత వేసుకుని కూడబెట్టిన డబ్బులు, సెమిస్టర్ అంతా పడ్డ కష్టం అక్కడితో సరి.

బాసర ట్రిపుల్ ఐటీ, కొండగట్టు దగ్గర నాచుపల్లిలోని జేఎన్‌టీయూ, మంథని జేఎన్‌టీయూ, కరీంనగర్ చుట్టుపక్కల ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలు.. ఉత్తర తెలంగాణలో రోబోలపై ఆసక్తి ఉన్న పిల్లలకు కొదవ లేదు. అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఉన్న బడుల్లో ఆరో తరగతి నుంచే ఆర్డుయినో బోర్డులు పట్టుకుంటున్నారు. మోటార్లు, బ్యాటరీల గురించి వీళ్లు చాలానే ఆరా తీస్తారు. వైర్‌లెస్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "రేంజ్ ఎంత?" అని ఒక్క ప్రశ్న అడిగి కొనేస్తారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

పోటీ రింగ్ మహా అయితే పది, పదిహేను మీటర్లు. కిలోమీటర్ రేంజ్‌తో అక్కడ పనేం లేదు. చూడాల్సినవి మూడు. వంద ఫోన్ల మధ్య లింక్ నిలబడుతుందా? మోటార్లు గట్టిగా కరెంట్ లాగినప్పుడు రేడియో ఆన్‌లోనే ఉంటుందా? లింక్ తెగితే రోబో తనంతట తానే ఆగుతుందా? ఈ మూడింటికీ అవును అనిపించుకున్నదే నమ్మదగ్గ పరికరం.

ఇంట్లో ఓకే.. హాల్లో ఎందుకు ఆగుతుంది?

వైఫై, బ్లూటూత్, చాలా రిమోట్లు, చవక రేడియో మాడ్యూళ్లు.. ఇవన్నీ వాడుకునేది ఒకే దారి, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్. ఇందులో వైఫైకి చానెళ్లు చాలానే కనిపిస్తాయి కానీ, ఒకదానిపై ఒకటి పడకుండా ఉండేవి మూడే: 1, 6, 11. హాల్లో రెండు వందల మంది ఉండి, అందులో పాతిక మంది హాట్‌స్పాట్ ఆన్ చేశారనుకోండి. కూరగాయల మార్కెట్ సందులోకి లారీ వచ్చినట్టే ఉంటుంది పరిస్థితి. ఆదేశాలు వెళ్తాయి, కానీ ఆగి ఆగి వెళ్తాయి.

పైగా మన ఒంట్లో ఉండే నీరు ఈ తరంగాలను బాగా పీల్చేస్తుంది. ఖాళీ హాల్లో అందిన సిగ్నల్, రింగ్ చుట్టూ జనం మూగాక తగ్గిపోవడానికి అదొక కారణం.

ఈ తిప్పలు పెద్దవాళ్లకూ తప్పలేదు. 2010 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐఫోన్ 4ను పరిచయం చేస్తూ స్టీవ్ జాబ్స్ స్టేజీ మీద డెమో ఇస్తుంటే వైఫై మొరాయించింది. హాల్లో 570 వైఫై బేస్ స్టేషన్లు నడుస్తున్నాయని చెప్పి, వాటిని ఆపేయమని ఆయనే ప్రేక్షకులను అడగాల్సి వచ్చింది.

ప్రపంచ స్థాయి పోటీలోనే ఆగిపోయాయి

రోబో పోటీల చరిత్రలో అందరూ చెప్పుకునే ఘటన 2012 ఏప్రిల్‌లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగింది. హైస్కూల్ పిల్లల కోసం జరిగే ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ చాంపియన్‌షిప్ అది. ఐన్‌స్టీన్ పేరుతో పిలిచే ఫైనల్ మైదానంలో, 12 టీమ్‌లు తలపడుతున్న వేళ రోబోలు ఒకదాని తర్వాత ఒకటి లింక్ కోల్పోయి నిలబడిపోయాయి.

నిర్వాహకులు ఆ విషయాన్ని అంతటితో వదిలేయలేదు. ఆ 12 టీమ్‌లనూ మళ్లీ పిలిచి, రోబోలతో సహా పరీక్షలు చేసి, అదే ఏడాది జులైలో నివేదిక బయటపెట్టారు. అందులో తేలిందేంటంటే.. ఒక టీమ్‌కు కేటాయించిన నెట్‌వర్క్ పేరును ఎవరైనా ఫోన్‌లో ఎంచుకుని, తప్పుడు వివరాలతో కనెక్ట్ అవ్వాలని చూస్తే చాలు, ఆ టీమ్ రోబోకు లింక్ తెగిపోయే లోపం ఉంది. అంటే ఒక మామూలు స్మార్ట్‌ఫోన్ ఫైనల్స్‌ను తలకిందులు చేసింది.

నివేదికలో ఇంకో ముఖ్యమైన ముక్క కూడా ఉంది. తప్పంతా ఫోన్‌దే కాదు. కొన్ని రోబోల్లో సొంత లోపాలు కూడా బయటపడ్డాయి. కరీంనగర్‌లో ఆగిన రోబోకైనా, సెయింట్ లూయిస్‌లో ఆగిన రోబోకైనా వర్తించే పాఠం ఇదే. సిగ్నల్‌ను తిట్టుకునే ముందు సొంత రోబోను ఒకసారి విప్పి చూసుకోవాలి.

ఏ పోటీకి ఏది సరిపోతుంది?

లైన్ ఫాలోయర్, మేజ్ సాల్వర్: వీటికి వైర్‌లెస్సే అక్కర్లేదు. బోర్డులో బ్లూటూత్, వైఫై ఉంటే మ్యాచ్‌కు ముందు ఆపేయండి. బ్యాటరీ మిగులుతుంది, అనుమానమూ ఉండదు.

రోబో రేస్, రోబో సాకర్, సుమో, రోబో వార్: వీటికి రేడియో కంట్రోల్ రిమోటే మొదటి ఎంపిక. మన కాలేజీల్లో ఎక్కువగా కనిపించే ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6 లాంటి ఆరు చానెళ్ల రిమోట్లు కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తాయి. తేడా ఏంటంటే, ఇవి ఒకే చోట కూర్చోవు. క్షణక్షణానికీ ఫ్రీక్వెన్సీ మారుస్తూ గెంతుతుంటాయి. ఒక చోట రద్దీ ఉంటే తర్వాతి గెంతులో ఆదేశం అందుతుంది. ప్రతి రిమోట్‌కూ సొంత గుర్తింపు ఉంటుంది కాబట్టి పక్క టీమ్ రిమోట్ మీ రోబోను నడపలేదు. ధర వేలల్లో ఉంటుంది నిజమే. కానీ రోబో మారినా రిమోట్ అలాగే ఉంటుంది. జూనియర్లకూ పనికొస్తుంది.

బడి పిల్లల ప్రాజెక్టులు, చిన్న బడ్జెట్ టీమ్‌లు: రెండు ఈఎస్‌పీ32 బోర్డులు తీసుకుని ఈఎస్‌పీ-నౌ పద్ధతిలో కలపడం మంచి దారి. మధ్యలో రూటర్ ఉండదు, పాస్‌వర్డ్ గొడవ ఉండదు. బోర్డు నుంచి బోర్డుకు నేరుగా 250 బైట్ల వరకు పంపొచ్చు. జాయ్‌స్టిక్ ఆదేశానికి పది బైట్లు కూడా అక్కర్లేదు. అయితే చాలా ఈఎస్‌పీ32 బోర్డులు 2.4 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే పనిచేస్తాయి. రద్దీలో పరీక్షించకుండా నమ్మొద్దు.

కెమెరా ఉన్న రోబోలు, రాస్‌ప్‌బెర్రీ పై వాడేవి: వీడియో పంపాలంటే వైఫై తప్పదు. అప్పుడు 5 గిగాహెర్ట్జ్ ఉన్న చిన్న రూటర్ కొనండి. రూటర్‌ను దాని ఇష్టానికి వదిలేయకుండా చానెల్‌ను 36 నుంచి 48 మధ్యలో గానీ, 149 నుంచి 161 మధ్యలో గానీ స్థిరంగా పెట్టండి. మధ్యలో ఉన్న 52 లాంటి చానెళ్లు రాడార్లకు దారి ఇవ్వాల్సినవి. ఆ చానెల్‌లో రూటర్ ఆన్ అయ్యాక నిమిషం పాటు వినికిడి పరీక్ష చేసుకుంటుంది. రాడార్ ఉన్నట్టు అనిపిస్తే మ్యాచ్ మధ్యలోనే చానెల్ మార్చేస్తుంది. ఇంకో మాట. వీడియోకు వైఫై వాడినా, నడిపే ఆదేశాలకు వీలైతే వేరే రేడియో పెట్టుకోండి. వీడియో ఆగితే కళ్లతో చూసి నడపొచ్చు. రెండూ ఒకేసారి ఆగితే చేసేదేం లేదు.

ఫోన్ హాట్‌స్పాట్: ప్రాక్టీస్ వరకు ఓకే. పోటీలో వద్దు. కాల్ వచ్చినా, ఫోన్ వేడెక్కినా, బ్యాటరీ సేవర్ ఆన్ అయినా మీ రోబో దాని దయ మీద ఆధారపడుతుంది.

చవక మాడ్యూళ్లతో జాగ్రత్త.. ఎందుకంటే?

హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్ తెలియని రోబో విద్యార్థి ఉండడు. రేంజ్ పది మీటర్ల అటూ ఇటూ. అది ఫర్వాలేదు. ఇబ్బంది ఎక్కడంటే.. కొన్నప్పుడు దాదాపు అన్నిటి పేరూ హెచ్‌సీ-05, పిన్ 1234. వరసగా పది టీమ్‌లు అదే మాడ్యూల్‌తో కూర్చుంటే, ఎవరి ఫోన్ ఎవరి రోబోకు కనెక్ట్ అవుతుందో చెప్పలేం. వాడక తప్పకపోతే ముందే పేరు, పిన్ మార్చుకోండి.

ఎన్ఆర్ఎఫ్24ఎల్01 కథ ఇంకాస్త ముదురు. వందల్లో దొరికే ఈ చిన్న రేడియో నిజానికి మంచిదే. కానీ ఆర్డుయినోలో అందరూ వాడే లైబ్రరీ దీన్ని 76వ చానెల్‌లో మొదలుపెడుతుంది. పాఠాల్లో ఇచ్చే అడ్రస్ కూడా చాలాసార్లు 00001 అనే ఉంటుంది. రెండు టీమ్‌లు అదే కోడ్‌ను కాపీ కొట్టి తెస్తే, ఒకరి జాయ్‌స్టిక్‌కు ఇంకొకరి రోబో కదలడం వింతేం కాదు. అడ్రస్ తప్పకుండా మార్చాలి.

ఇందులో చట్టం సంగతి కూడా ఉంది. వైఫై గోల తప్పించుకోవడానికి 100 పైన చానెల్ పెట్టమని కొన్ని వీడియోలు సలహా ఇస్తుంటాయి. ఈ మాడ్యూల్‌లో చానెల్ నంబర్‌ను 2400కు కలిపితే వచ్చేదే ఫ్రీక్వెన్సీ. అంటే 100వ చానెల్ 2500 మెగాహెర్ట్జ్. మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడుకోవడానికి అనుమతి ఉన్నది 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకే. కాబట్టి 76 నుంచి 80 మధ్య ఉండటం మేలు. వైఫై 11వ చానెల్ 2473 దగ్గర ముగుస్తుంది కాబట్టి ఈ సందు కాస్త ఖాళీగా ఉంటుంది. పక్క టీమ్‌లతో మాట్లాడుకుని తలా ఒక నంబర్ తీసుకుంటే గొడవే ఉండదు.

విదేశీ సైట్లలో చూసి కొనే లోరా మాడ్యూళ్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త. అమెరికాలో నడిచే 915 మెగాహెర్ట్జ్ రకం ఇక్కడ లైసెన్స్ లేకుండా వాడేది కాదు. మన దగ్గర 865 నుంచి 868 వరకు ఉన్న రకం చూసుకోవాలి. ఇక 5 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్లలో చాలా భాగాన్ని కేంద్రం 2018 అక్టోబర్‌లో లైసెన్స్ నుంచి మినహాయించింది. అందుకే ఇప్పుడు ఆ రూటర్లు ధైర్యంగా వాడొచ్చు. జామర్ల జోలికి మాత్రం సరదాకు కూడా పోకండి. అనుమతి లేకుండా వాడటం నేరం.

సిగ్నల్ పోలేదు.. కరెంట్ పోయింది!

'సిగ్నల్ పోయింది' అనుకునే సందర్భాల్లో అసలు దోషి బ్యాటరీ కూడా కావచ్చు. రోబో ఎదుటి రోబోను నెడుతున్నప్పుడో, చక్రం ఇరుక్కున్నప్పుడో మోటార్లు ఒక్కసారిగా కరెంట్ లాగుతాయి. బ్యాటరీ వోల్టేజ్ కిందికి జారుతుంది. ఇంట్లో మోటార్ ఆన్ చేయగానే బల్బు ఒక్క క్షణం డిమ్ అవుతుంది చూడండి, అలా అన్నమాట. ఆ క్షణంలో ఈఎస్‌పీ32 తనను తాను రీసెట్ చేసుకుంటుంది. బోర్డు తేరుకోవడానికి ఒకట్రెండు సెకన్లు చాలు. అదే రోబో మీద రూటర్ ఉంటే, అది మళ్లీ ఆన్ అయ్యేసరికి అర నిమిషం పైనే పడుతుంది. మ్యాచ్ అయిపోయినట్టే.

యాంటెనా తగిలించిన ఎక్కువ పవర్ ఎన్ఆర్ఎఫ్ మాడ్యూల్‌కు ఆదేశాలు పంపేటప్పుడు దాదాపు 115 మిల్లీఆంప్స్ కావాలి. ఆర్డుయినో యునో బోర్డులో 3.3 వోల్ట్ పిన్ ఇచ్చేది 50 మిల్లీఆంప్స్. లెక్క కుదరదు. "మాడ్యూల్ డూప్లికేట్" అని పారేసే వాటిలో కొన్ని నిజానికి ఆకలితో ఉన్నవే. డూప్లికేట్లు కూడా మార్కెట్లో ఉన్నాయి, అది వేరే సంగతి.

పరిష్కారం ఖరీదైనదేం కాదు. మోటార్లకు, రేడియోకు కరెంట్ దారులు వేరు చేయండి. రేడియోకు విడిగా వోల్టేజ్ రెగ్యులేటర్ పెట్టండి. మాడ్యూల్ పిన్నుల దగ్గరే ఒక కెపాసిటర్ సోల్డర్ చేయండి. జంపర్ వైర్లు పోటీకి పనికిరావు. ఒక గట్టి దెబ్బకు ఊడిపోతాయి. లాక్ అయ్యే కనెక్టర్ గానీ, సోల్డర్ గానీ ఉండాలి.

యాంటెనా సంగతి కూడా చూడండి. ఇనుప పెట్టెలో రేడియోను దాచి సిగ్నల్ రావట్లేదంటే లాభం లేదు. యాంటెనా లోహం బయటికి ఉండాలి, మోటార్లకు దూరంగా ఉండాలి. దాని కొనను డ్రైవర్ వైపు గురిపెట్టొద్దు. కర్ర యాంటెనా కొన వైపే సిగ్నల్ అన్నిటికన్నా బలహీనం.

లింక్ తెగితే రోబో ఏం చేస్తుంది?

కొనేముందు షాపులో అడగాల్సిన అసలు ప్రశ్న ఇది. చివరిగా అందిన ఆదేశం 'ముందుకు' అయితే, లింక్ తెగాక కూడా కొన్ని రోబోలు ముందుకే పోతుంటాయి. సాకర్ రోబో అయితే గోడకు తగులుతుంది. తిరిగే బ్లేడ్ ఉన్న రోబో వార్ మెషిన్ అయితే? పక్కన నిలబడ్డ స్నేహితుడి కాలు పోతుంది.

దీనికి మందు ఫెయిల్‌సేఫ్. లింక్ తెగగానే మోటార్లు సున్నాకు రావాలి. రేడియో కంట్రోల్ రిమోట్లలో దీన్ని మెనూలోకి వెళ్లి సెట్ చేయాలి. పెట్టెలోంచి తీయగానే సెట్ అయి ఉంటుందని అనుకోవద్దు. ఈఎస్‌పీ32, ఆర్డుయినోలో అయితే కోడ్‌లో రాసుకోవాలి. అర సెకను పాటు కొత్త ఆదేశం రాకపోతే మోటార్లు ఆపేయాలి, అంతే. ఐదారు లైన్ల పని.

పరీక్షించడం సులువు. చక్రాలు నేలకు తగలకుండా రోబోను ఇటుకల మీద పెట్టండి. బ్లేడ్ ఉంటే ముందే తీసేయండి. మోటార్లు తిప్పుతూ రిమోట్ స్విచ్ ఆపేయండి. చక్రాలు ఆగాయా? సరే. ఆగలేదా? ఆ రోబోను రింగ్‌లోకి దించొద్దు. ఫెస్ట్ పెట్టేవాళ్లు కూడా ఈ ఒక్క పరీక్ష పాసైతేనే ఎంట్రీ ఇవ్వాలని రూల్ పెడితే ప్రమాదాలు తగ్గుతాయి.

ఎక్కడ కొంటున్నారన్నదీ ముఖ్యమే

హైదరాబాద్ కుర్రాళ్లకు మాడ్యూల్ కాలిపోతే కోఠి గుజరాతీ గల్లీకి పోయి సాయంత్రానికి తెచ్చుకుంటారు. ఆదిలాబాద్ నుంచి ఆ గల్లీకి మూడు వందల కిలోమీటర్లు. కరీంనగర్ నుంచి నూట అరవై. ఆన్‌లైన్ ఆర్డర్ పెడితే రోజులు పడుతుంది. అందుకే ఈ జిల్లాల టీమ్‌లు కొనే తీరు వేరుగా ఉండాలి.

ఒక ఖరీదైన రేడియో కంటే, ఒకే రకం మామూలు రేడియోలు రెండు జతలు మేలు. రెండో రిసీవర్‌ను ముందే రిమోట్‌తో బైండ్ చేసి, పేరు రాసి డబ్బాలో పెట్టుకోండి. మ్యాచ్‌ల మధ్య ఐదు నిమిషాల్లో మార్చేయొచ్చు. సీనియర్లు వాడిన మోడల్‌నే కొంటే, చెప్పేవాళ్లు కాలేజీలోనే ఉంటారు. రూటర్ అయితే బిల్లు, వారంటీ ఉన్నదే తీసుకోండి. కొత్త వస్తువును ఫెస్ట్‌కు ముందు రోజు రాత్రి రోబోకు తగిలించే పని మాత్రం పెట్టుకోవద్దు.

పోటీకి వారం ముందు ఈ ఐదు పరీక్షలు

1. జనం పరీక్ష: క్లాస్‌మేట్స్‌ను పాతిక మందిని పిలవండి. అందరినీ హాట్‌స్పాట్, బ్లూటూత్ ఆన్ చేసి రోబో చుట్టూ నిలబడమనండి. పది నిమిషాలు నడపండి.

2. దూరం పరీక్ష: రింగ్ పొడవుకు రెండింతల దూరం నుంచి నడపండి. రోబోను అన్ని వైపులకూ తిప్పి చూడండి.

3. తోపుడు పరీక్ష: రోబోను గోడకు ఆనించి ఒకట్రెండు సెకన్లు ఫుల్ పవర్ ఇవ్వండి. బోర్డు రీసెట్ అయితే తప్పు కరెంట్‌దే, రేడియోది కాదు. అంతకన్నా ఎక్కువసేపు పట్టి ఉంచితే మోటార్లు కాలిపోతాయి.

4. వేడి పరీక్ష: మూత బిగించి గంట సేపు ఆన్‌లో ఉంచండి. ఎండాకాలంలో ఆదిలాబాద్, రామగుండం వైపు ఎండ సంగతి తెలిసిందే. నీడలో బాగున్న రూటర్ షామియానా కింద అలాగే ఉంటుందని గ్యారంటీ లేదు.

5. ఆపుడు పరీక్ష: పైన చెప్పిన ఫెయిల్‌సేఫ్ పరీక్షే. ప్రతి మ్యాచ్‌కు ముందు ఒకసారి.

రిజిస్టర్ చేసుకునేటప్పుడే నిర్వాహకులను రెండు మాటలు అడగండి. ఏ రకం వైర్‌లెస్‌కు అనుమతి ఉంది? చానెళ్లు ఎవరు పంచుతారు? రెండోదానికి జవాబు లేకపోతే, పంచమని మీరే అడగండి. ఒక తెల్ల కాగితం, పెన్ను ఉంటే అయిపోయే పని అది. రింగ్ దగ్గర ఉన్నవాళ్లందరూ హాట్‌స్పాట్ ఆపాలని మైక్‌లో చెప్పించినా సగం రోబోలు బతుకుతాయి.

డబ్బులు తక్కువగా ఉన్నాయా? అయినా ఫర్వాలేదు. ముందు ఫెయిల్‌సేఫ్, తర్వాత కరెంట్ దారులు, ఆ తర్వాత స్పేర్ రేడియో.. ఖర్చు ఈ వరసలో పెట్టండి. యాంటెనా సైజు గురించి ఆలోచించడం చివర్లో.